ఫారిన్ డ్రమ్ము పలికింది

పిల్లల తల్లికి,

నేను క్షేమం, నా రెండు కాళ్లూ క్షేమం. కాలు విరిగిందని పోయిన నెల రాసింది వట్టి వేళాకోళం. అది చదివి నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదని మీ తమ్ముడు రాశాడు. అప్పట్నుంచీ నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

నిన్న మా వాయిద్యాల కొట్టుకి ఫారిన్ డ్రమ్ము ఒకటి వచ్చింది. అడుగున సన్నటి ఇనప తీగలుండే రకం. అసలుదో నకిలీదో తేల్చే పని షావుకారు నా నెత్తిన పెట్టాడు. డ్రమ్ముకి తగిలించిన బిళ్ల మీద కంపెనీ పేరు ఏ వెధవైనా కొడతాడు. నేను గాలి బెజ్జంలోంచి లోపలి చెక్క అతుకు చూశాను. అంచు చుట్టూ వేలితో కొట్టి చూశాను, మోత ఎక్కడా మారలేదు. ఇక ఆఖరి పరీక్ష మాటతో. సరుకు మంచిదైతే పక్కన మెల్లగా మాట్లాడినా తీగలు జుమ్మంటాయి.

"ఏదో ఒకటి అనవయ్యా, ముహూర్తం పెట్టించాలా?" అన్నాడు షావుకారు.

"ఏమే, అన్నం తిన్నావా?" అనేశాను.

డ్రమ్ము జుమ్మని పలికింది. అసలుదే. కొట్టంతా ఒకటే నవ్వు. రోజూ వాళ్లని ఆటపట్టించే నేను మొహం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి పోయాను.

వంటింటి పెంకులు సర్దించావా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఇటు వచ్చేవాళ్లుంటే నా పాత కళ్లజోడు ఇచ్చి పంపు.

అత్తయ్యకి దండాలు, పిల్లలకి ముద్దులు. ఆ డ్రమ్ము రేపు అమ్ముడైపోతుంది. ఆ తర్వాత నా మాటకి బదులిచ్చేవాళ్లు ఇక్కడెవరూ లేరు. కడుపారా తిడుతూనైనా సరే, ఒక కార్డు ముక్క రాయి.