బ్లాక్ హోల్ వేషం

2006 నవంబరు, ఆదివారం రాత్రి
అనకాపల్లి

ఇవాళ కశింకోటలో మా సైన్సు నాటిక బాగా పేలింది. మా అక్క మొగుడు, భారీ పొట్ట ఉన్న అప్పలరాజు బావ నల్ల దుప్పటి కప్పుకుని బ్లాక్ హోల్ అయ్యాడు. గ్రహాలనుకోమని నేనిచ్చిన అరటిపళ్లన్నీ మింగేశాడు. "ఈ పొట్టలో పడితే వెలుతురు కూడా బయటికి రాదు!" అని నేను ఆ పొట్ట మీద తట్టగానే జనం పడీ పడీ నవ్వారు. నాకూ హుషారొచ్చి మళ్లీ తట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో నాటిక చూసినవాళ్లెవరో అన్నారు: "బ్లాక్ హోలు ఎక్కుతన్నాడు, సర్దుకోండి, మింగేత్తాడు!"

బావ నవ్వాడు. నాటిక చూడ్డానికొచ్చి, పక్కనే కూర్చున్న మా అక్క తల దించుకుంది.

వాళ్ల ఇంటి ముందు దిగాక బావ అన్నాడు: "ఇంక నాను రాను బావా. మీ అక్క ముందర నవ్వులపాలయిపోయేను."

ఓదార్చబోయి అసలు సంగతి చెప్పాను. బ్లాక్ హోల్‌కి పొట్టేమీ ఉండదని, బోలెడు బరువు చిన్న చోటులోకి కుదించుకుపోతే అది పుడుతుందని.

"మరి ఆ మాట స్టేజీ మీద ఎందుకు సెప్పనేదు?"

చెబితే అంతగా నవ్వరని. అది బావతో అనలేకపోయాను.

ఎప్పుడూ అన్నం తిని వెళ్లమనే అక్క, ఇవాళ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.