హార్డ్‌డిస్క్‌కి ఏ రోగమూ లేదు

ఏవండీ,
ఆ హార్డ్‌డిస్క్‌ని రిపేరు షాపుకి మోసుకెళ్ళకండి. మన పాప ఎక్కడ ఫోటోలు చెరిపేస్తుందోనన్న భయంతో, అందులోవి చూడ్డమే తప్ప ఎవరూ ఏదీ మార్చకుండా, కొత్తవి ఎక్కించకుండా పర్మిషన్లు తీసేసింది మీరే. ఆ ఎవరూలో తమరు కూడా ఉన్నారు. నిన్నంతా కేబుల్‌ని తిట్టారు, కంప్యూటర్‌ని తిట్టారు, చివరికి దానిమీద దుమ్ము తుడిచినందుకు నన్నూ తిట్టారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీ పేరు మీద పర్మిషన్ మళ్ళీ ఇచ్చాను. మీ ఆఫీసు ఫైళ్ళు ఇక ఎక్కుతాయి. క్షమాపణ చెప్పాలనుకుంటే ముందు కేబుల్‌తో మొదలుపెట్టండి, నేను వచ్చేసరికి అలవాటవుతుంది.

అన్నట్టు, మన పెళ్ళి ఫోటోల ఫోల్డర్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంచాను. మీ పక్కన నిలబడి నేను పగలబడి నవ్వానని రుజువు అదొక్కటే.