నో బాల్ చెయ్యి

అన్నా, నీ ఫోన్ కలవక ఈ కార్డు రాస్తున్నాను. నేను బాగున్నానని అమ్మకు చెప్పు.

మొన్న శుక్రవారం మా రూము దగ్గరి రిగ్గై మైదానంలో క్రికెట్ ఆడుతుంటే, మోచెయ్యి వంచి వేస్తున్నానని మళ్లీ నో బాల్ ఇచ్చారు. పక్కనే బేస్‌బాల్ నేర్పే జపానాయన అది చూసి నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఏమంటున్నాడో మా రూములో ఉండే సిరాజ్ చెప్పాడు. "ఆ ఆటలో మోచెయ్యి వంచే ఇసరాలంట. ఇట్లాంటి చెయ్యి కోసమే ఎతుకుతాండాడంట. ప్రతి శుక్రారం రమ్మంటాండాడు."

ఆయన బంతి ఇస్తే, మళ్లీ నో బాల్ అంటారేమోనని భయపడి, క్రికెట్‌లోలాగే చెయ్యి నిటారుగా తిప్పి నేలకు వేశాను. ఆయన తల పట్టుకున్నాడు. నా మోచెయ్యి తనే వంచి చూపించాడు. అయినా విసిరేటప్పటికి అది కర్రలా బిగుసుకుపోతోంది.

ఏ వంకరకు నువ్వు నన్ను ఊరి టీములోంచి తీసేశావో, దాన్నే ఈయన మెచ్చుకుంటున్నాడు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదు.

కొత్త బోరులో నీళ్లు పడ్డాయా? అమ్మ మోకాళ్లకు నూనె, సెలవుకు వచ్చే సిరాజ్‌తో పంపుతాను. వదినకు నమస్కారం, పాపకు ముద్దులు.

ఆ బేస్‌బాల్‌కు వెళ్లమంటావో వద్దంటావో రాయి. నువ్వు సరే అనేదాకా ఈ చెయ్యి వంగేట్టు లేదు.

నీ తమ్ముడు పెంచల్