తొర్రూరులో మీ పాఠం

మహాఘనత వహించిన బ్రిటిష్ దొరవారికి, మీరు పోయి నూరేళ్లు దాటాక మీ నిద్ర చెడగొడుతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మీరు వైద్యం మానేసి, పగలంతా చాకిరీ చేసి వచ్చిన కూలీలకు సాయంత్రాలు స్వయంకృషి గురించి చెప్పి, ఆ మాటలనే పుస్తకం చేశారట. ఆ పుస్తకం మొన్న తొర్రూరులో మా కోచింగ్ సెంటర్‌కు వేంచేసింది. డిగ్రీ అయిన నాలాంటి గాడిదలకు కూడా అక్కడ తల్లిదండ్రుల మీటింగ్ పెడతారు. వక్త మీ పుస్తకం ఎత్తి చూపిస్తూ గంటసేపు దంచాడు. తెల్లారకముందే మిర్చి ఏరడానికి పోయి, చేను నుంచి నేరుగా వచ్చిన మా అమ్మ నా పక్కనే కునుకు తీసింది.

“చూసిన్రా? గిట్ల పండుకుంటే పేదరికం పోతదా?” అన్నాడాయన, అమ్మ వైపు వేలు చూపించి.

హాలంతా నవ్వింది. అమ్మ ఉలిక్కిపడి లేచి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది.

“ఏమన్నడు బిడ్డా?” అని నా చెవిలో అడిగింది.

మీ కూలీలలో ఎవరైనా కునికితే మీరేం చేసేవారో నాకు తెలియదు. నేను చేసింది మాత్రం ఒక్కటే.

“నువ్వు మస్తు కష్టపడతవని మెచ్చుకున్నడే అమ్మా” అన్నాను.

ఆమె లేచి నిలబడి ఆయనకు దండం పెట్టింది.