అవ్వ ఎత్తుకున్న శ్రుతికి

నాయనా,

నువ్వు పోయాక సంచిలోనే ఉండిపోయిన నీ గిటారును ఈరోజు మన కోడుమూరు చర్చిలో నేను వాయించాను!

నా వేళ్లు పొట్టివి, ఒక్క వేలితో ఆరు తీగలూ నొక్కలేను కదా. ఇప్పుడు గిటారు మెడకు కేపో అనే క్లిప్పు బిగించుకుంటున్నాను. తీగలన్నిటినీ ఆ క్లిప్పే నొక్కి పెడుతుంది, నా వేళ్లకు తేలిక పట్లు చాలు. కేపో పేరెత్తితే చాలు, "అది దొంగ వాయింపు పాపా" అనేవాడివి. ఏమన్నా అనుకో.

మరియమ్మవ్వ ఎప్పటిలాగే ఎవరినీ అడక్కుండా, తన గొంతుకు తోచిన చోట పాట ఎత్తుకుంది. ఎంత పైనో! శ్రుతి పెంచడానికి కేపోను రెండు మెట్లు పైకి జరిపాను. కలవలేదు. ఇంకో మెట్టు జరిపాను. కలిసింది నాయనా! చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా చప్పట్లు అందుకున్నారు.

ఆరాధన అయ్యాక అవ్వ నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇంత చిన్న చెయ్యా! మీ నాయన వాయిస్తాంటే ఆయప్ప శ్రుతికి నేనే గొంతు దించుకుంటాంటి. ఈపొద్దు దించలేదు పాపా, శానా బాగుండాది."

నువ్వుంటే ఎంత ఉడుక్కునేవాడివో! ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఎవరూ చూడకుండా కేపో ఒకసారి పెట్టి చూసేవాడివి కూడా.

అందుకే దాన్ని తీయలేదు. నీ గిటారుకే ఉంచాను.