అణా బిళ్లంత సందు

సికింద్రాబాదు మెట్టుగూడ కాపురస్తుడను, రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు వడ్రంగిగా పనిచేసి రిటైరైనవాడను, కీర్తిశేషులు దారా లూకా గారి కుమారుడను, దారా యెషయా అనే నేను, నా యాభై తొమ్మిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, మనసు నిలకడగానూ బుద్ధి సరిగానూ ఉండగా నా చేతి రాతతో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి సరిగా ఉందన్న మాట మీద నా భార్య రోసమ్మకు అభ్యంతరం ఉంది. అన్నం తినే బల్లను మధ్యలో కోసి గిటారు చేసినవాడికి బుద్ధి ఎక్కడిదని ఆమె వాదన. ఆ సంగతి మూడో క్లాజులో వస్తుంది.

నా ఊపిరితిత్తుల్లో సగం రంపపు పొట్టే ఉందని డాక్టరు గారు అన్నారు. నాకు పోవాలనే తొందర ఏమీ లేదు. కానీ నా బావమరిది అబ్రహాం, కోర్టులో గుమాస్తా, పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. రేపటి నుంచి మన హైదరాబాదు రాష్ట్రమే ఉండదట, కొత్త రాష్ట్రంలో ఏ కాగితం ఎటు పోతుందో తెలియదు కాబట్టి రాసేదేదో ఇవాళే రాసెయ్యమన్నాడు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత అతనికే అప్పగిస్తున్నాను. మా ఇంట్లో టీ తాగేటప్పుడు చూపించే శ్రద్ధ ఈ పనిలోనూ చూపించవలెను.

1. నా శవపేటిక నేనే చేసి పెట్టుకున్నాను. వెనక వరండాలో ఉంది. ప్రస్తుతం రోసమ్మ అందులో చింతపండు, ఉల్లిగడ్డలు దాస్తోంది. అవసరం పడిన రోజున వాటిని తీసి, ఒకసారి తుడిచి వాడవలెను. మూత బిగుతుగా ఉంటుంది. సందులు వదిలే అలవాటు నేను మానుకున్నాను. కారణం కింద రాశాను.

2. ఇల్లు, ఇంట్లోని సామాను రోసమ్మకు చెందవలెను. నా పనిముట్లన్నీ, అంటే రంపాలు, ఉలులు, చిత్రికలు, వర్క్‌షాపులో నా పక్క బెంచీ మీద పనిచేసిన తుకారాంకు చెందవలెను. 1941లో అతను రెండు రోజులకని తీసుకెళ్లిన నా సుత్తి ఇంకా తిరిగి రాలేదు. అది కూడా అతనికే రాసి ఇస్తున్నాను. ఇకనైనా నన్ను చూడగానే రోడ్డు అవతలికి దాటడం మానవలెను.

3. భోజనాల బల్ల రోసమ్మకు ప్రత్యేకంగా ఇస్తున్నాను. మా పెళ్లయిన ఏడు, 1930లో, నేను చేసిన బల్ల అది. మూడు టేకు పలకలు, మధ్యది బాగా వెడల్పు. ఇప్పుడు ఆ మధ్య పలకలో గిటారు ఆకారంలో చిల్లు ఉంది. రోసమ్మ పైన దుప్పటి పరుస్తుంది. తెలియక చుట్టాలు గిన్నెలు మధ్యలోనే పెడతారు. ఒకసారి పాదిరి గారి చారు గిన్నె నేరుగా ఆయన ఒళ్లోకి దిగింది. ఆయన చాలా ఓర్పుగల మనిషి.

ఇది ఎందుకు చేశానో ఇంటివాళ్లకు తెలియాలి. నలభై ఏళ్లు నేను చర్చి క్వయర్‌లో బేస్ పాడాను. పాటలో అందరికన్నా కింద నడిచే గొంతు అది. పాడుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. దగ్గు పట్టుకుని నా గొంతు పోయింది. నా తర్వాత ఆ గొంతు ఎవరికీ రాలేదు. పై మూడు గొంతులూ పాడుతుంటే, నా కుర్చీ ఉన్న మూల మాత్రం ఊరికే ఉండేది. నేను కింద జనంలో కూర్చుని అది వినలేకపోయేవాణ్ణి.

అప్పుడు క్వయర్ మాస్టరు ఆర్థర్ గారు అమెరికా పత్రికలో ఒక బొమ్మ చూపించారు. నాలుగు తీగల కరెంటు గిటారు. బేస్ కోసమే చేసింది. లోపల డొల్ల లేదు, మొండెం అంతా గట్టి చెక్క. దానికి బాగా ఆరిన, ఇక వంకర తిరగని టేకు కావాలి. పాతికేళ్లు ఆరిన టేకు నాకు తెలిసి సికింద్రాబాదులో ఒక్కచోటే ఉంది. రోసమ్మ మూడు రోజులకని వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. ఆమె వచ్చేసరికి మొండెం కోసి, అంచులు గుండ్రం చేసి, రైలు పెట్టెలకు వేసే లక్క పాలిష్ మూడు పూతలు వేసి దండెం మీద ఆరేశాను. ఆమె సంచి కూడా దించకుండా బల్ల వైపు చూసి, "ఇంట్ల ఇంక కోసేదేమన్న మిగిలిందా?" అని అడిగింది. లేదని చెప్పాను.

అది అబద్ధం. తర్వాతి క్లాజు చూడండి.

4. ఆ గిటారు మెడ మా మంచం పట్టెలోంచి తీసింది. కుడివైపు ఇప్పుడున్నది మామిడి పట్టె. రంగు కలిపి వేశాను కాబట్టి రోసమ్మకు ఇంతవరకు తెలియదు. ఈ మెడను, దాని మీది నాలుగు తీగలతో సహా, నా కూతురు ప్రేమమణికి ఇస్తున్నాను. బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చి, నా బేస్ వరసలన్నీ నా నోటి నుంచి ఒక్కొక్కటే దీని మీదకు ఎక్కించుకుంది. వేళ్లు కాయలు కాసినా నాతో అనలేదు. నా గొంతు పోలేదని నాకు అనిపించిందంటే అది ఆమె చేతుల వల్లనే. తల్లీ, ఈ మాట నీకు ఎదురుగా చెప్పి ఉండాల్సింది.

5. గిటారు మొండెం, అనగా బల్లలోంచి కోసిన ముక్క, మోండా మార్కెట్ దగ్గర రేడియోలు బాగుచేసే షంషీర్ అలీకి చెందవలెను. ఇది దానం కాదు. తప్పుకు పరిహారం.

రజాకార్ల రోజుల్లో నేను డ్యూటీ దిగేసరికి షంషీర్ గేటు బయట సైకిలుతో నిలబడి ఉండేవాడు. ఇంటిదాకా నా పక్కనే నడిచేవాడు. ఆ తర్వాత 1948 సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చి, భయం ముసల్మానుల వంతయింది. అప్పుడు అతనూ, అతని భార్య హజీరా పదకొండు రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఈ బల్లనే నిలువుగా లేపి తలుపుకు అడ్డం పెట్టేవాళ్లం. తినే వేళకు మళ్లీ దించి, నలుగురు పెద్దవాళ్లమూ, ప్రేమమణీ దాని చుట్టూ కూర్చునేవాళ్లం. కాబట్టి ఆ చెక్కలో వాళ్ల పాలు మొదటి నుంచీ ఉంది.

గిటారుకు ప్రాణం పోసింది కూడా వాళ్లే. కార్ఖానా పేటలో ఒక దొర బంగళా వేలంలో విరిగిన పియానో కొని, షంషీర్ దాని లావు తీగలు తెచ్చాడు. పాత టెలిఫోనులోంచి అయస్కాంతాలు తీశాడు. హజీరా వాటిని తన కుట్టుమిషను చక్రానికి కట్టి, వెంట్రుక లాంటి రాగి తీగను వాటి మీద వేల చుట్లు చుట్టింది. శబ్దం మా రేడియోలోంచి వచ్చేది. మొదటిసారి మోగినప్పుడు పక్కింటివాళ్లు గూడ్సు బండి వచ్చిందనుకున్నారు. మేము నలుగురం చాలాసేపు నవ్వాం.

పోయిన క్రిస్మసు కార్యక్రమంలో, చర్చి నిండా జనం ఉండగా, రెండో పాటలో శ్రుతి దిగజారింది. ప్రేమమణి ఎంత సరిచేసినా నిలవలేదు. ఈనిన గేదె అరిచినట్టు అరిచింది. అందరూ నా వైపు చూశారు. నేను లేచి నిలబడి, "తీగ చుట్టుడు రానోళ్లను నమ్ముకుంటే గిట్లనే ఉంటది" అన్నాను. హజీరా ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుని ఉంది. షంషీర్ రేడియో వైరు చుట్టుకుని, ఆమెను తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

మార్చిలో దుమ్ము తుడుద్దామని స్క్రూలు విప్పాను. మెడ వచ్చి కూర్చునే గాడిలో ఒక పక్క అణా బిళ్ల మందం సందు ఉంది. రైలు పెట్టె తలుపు చేసేవాడు వానాకాలం చెక్క ఉబ్బుతుందని అంత సందు తప్పకుండా వదలాలి. ముప్పై ఒక్క ఏళ్లు వదిలిన చెయ్యి ఇక్కడ కూడా నన్ను అడక్కుండానే వదిలేసింది. గిటారు తలుపు కాదు. ఆ సందులో మెడ కదిలింది, శ్రుతి పోయింది. హజీరా చుట్టిన తీగలో ఏ తప్పూ లేదు.

ఇది తెలిసి ఏడు నెలలయింది. మోండా మార్కెట్‌కు కూరగాయలకని నాలుగుసార్లు వెళ్లి, అతని దుకాణం కనిపించే మలుపు దాకా నడిచి, వంకాయలు కొనుక్కుని వచ్చాను. మా ఇంట్లో ఎవరికీ వంకాయ పడదు. వడ్రంగిగా నాకున్న పేరు అడ్డం వచ్చింది. నేను సిగ్గుపడుతున్నాను. చర్చి అంతా వినేలా అన్న మాటను చచ్చాక కాగితం మీద దిద్దుకోవడం పిరికితనమని తెలిసినా, ఇంతకన్నా ధైర్యం నాకు లేకపోయింది.

6. హజీరాకు నేను చేసిన టేకు పెట్టె ఇవ్వవలెను. సూదులు, దారపు ఉండలు పెట్టుకోవడానికి లోపల అరలు ఉన్నాయి. బల్లలోంచి మిగిలిన ముక్కలతోనే చేశాను. చెల్లెలు హజీరా నన్ను క్షమించవలెను.

7. మెడను మొండేనికి బిగించే నాలుగు స్క్రూలు రోసమ్మకు చెందవలెను. ఆమె ఇస్తేనే గిటారు గిటారవుతుంది. అంటే మెడ ఉన్న ప్రేమమణి, మొండెం ఉన్న షంషీర్ ఇద్దరూ రోసమ్మ ఇంటికి రావాలి. ఆ చిల్లు బల్ల దగ్గరే కూర్చోవాలి. నా ఉద్దేశం అదే.

అనుబంధం. అదే రోజు, సాయంత్రం.

పై కాగితంలో తప్పులుంటే చూసి పెట్టమని ప్రేమమణికి ఇచ్చాను. ఆమె అది చదివి, నాతో చెప్పకుండా రిక్షా ఎక్కి మోండా మార్కెట్‌కు వెళ్లింది. నాలుగు గంటలకు షంషీర్, హజీరా మా ఇంట్లో కూర్చున్నారు. షంషీర్ అయిదో క్లాజు రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. హజీరా ఆ సందు చూపించమంది. చూపించాను. అందులో గోరు పెట్టి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. ఆర్థర్ గారు, సాక్షి సంతకానికని వచ్చినవారు, కిటికీలోంచి బయటికి చూశారు.

రెండో సాక్షిగా తానే సంతకం పెడతానని షంషీర్ పట్టుబట్టాడు. సాక్షికి గానీ, సాక్షి భార్యకు గానీ వీలునామాలో రాసిన ఆస్తి చెల్లదని అబ్రహాం చెప్పాడు. షంషీర్ కలం తీసుకుని, "నాకు మొండెం గిట్ల ఏమొద్దన్నా. నువ్వు తప్పొప్పుకున్న కాయితం మీద నా దస్తఖత్ ఉండాలె. గది చాలు" అన్నాడు.

అందుచేత అయిదు, ఆరు, ఏడు క్లాజులలోని ఆస్తుల పంపకం రద్దు. క్షమాపణ మాత్రం రద్దు కాదు. హజీరా పెట్టె వీలునామా దాకా ఆగకుండా, బతికుండగానే, నా చేత్తోనే ఆమెకు ఇచ్చాను. బల్ల ముక్కలోంచి పలచటి చీలిక చెక్కి ఆ సందులో దిగగొట్టాను. స్క్రూలు షంషీర్ బిగించాడు. నేను పోయాక గిటారు మొత్తం ప్రేమమణిది. ఈ లోపల ఆదివారాలు అందరిదీ. రోసమ్మ నాలుగో క్లాజు ఇప్పుడే చదివి, మంచం చూడ్డానికి లోపలికి వెళ్లింది. ఆమె తిరిగి రాకముందే సంతకం పెడుతున్నాను.

సికింద్రాబాదు, 1956 అక్టోబరు 31, బుధవారం.

(సంతకం) దారా యెషయా

సాక్షులు:

1. ఎం. ఆర్థర్, క్వయర్ మాస్టరు. యెషయా గారు నా ఎదుట సంతకం చేశారు.

2. షంషీర్ అలీ, రేడియో మెకానిక్. నా ముంగటనే సంతకం పెట్టిండు. సందు నేను సుత చూసిన. ఇప్పుడు లేదు.