'భార్య' అని ఉన్న గడి

అమ్మాయి తల్లికి,

పదకొండేళ్ళుగా నా గొంతులో ఒక ముల్లు ఉంది. ముందు దాన్ని తీసి ఈ కాగితం మీద పెడతాను, క్షేమసమాచారాలు ఆ తర్వాత. అమ్మాయి కొత్త ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్న రోజు గుర్తుందా. ఆ ఇంటికి పునాది దగ్గర్నుంచి కప్పు దాకా నా తాపీయే ఆడింది. నువ్వు వడ్డిస్తూ వడ్డిస్తూ, గిన్నె చంకన పెట్టుకుని, నలుగురూ వినేట్టు అన్నావు: "ఈయన చేతి మీద ఎన్ని ఇళ్ళు లేచాయో చెప్పలేను. నా నెత్తి మీద మాత్రం ఇప్పటికీ ఎవరిదో కప్పు." మీ అన్న నవ్వీ నవ్వీ పొలమారి నీళ్ళు తాగాడు. నేను సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. "ఎండకు ఆకలి చచ్చినట్టుంది" అని నువ్వే సర్దావు. నాకు ఆకలి ఎప్పుడూ చావదని నీకు తెలుసు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ అమ్మాయీ అల్లుడుగారూ పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి మళ్ళీ అడగను. నా రాత చూసి నవ్వకు. ఎనిమిది దాకా చదివినదానివి, నా ఒత్తులు నీకు వేళాకోళంగానే ఉంటాయి. ఫోన్ చేయొచ్చు కదా అన్నావు. ఫోన్లో నువ్వు ఒకటంటావు, నేను నాలుగంటాను, నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే నా మాట పూర్తయ్యేదాకా ఎదురు చెప్పదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నాను. మోకాళ్ళ సంగతి అడగకు. బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను. ఇంట్లో ఏ పనీ నన్ను ముట్టుకోనివ్వలేదు కదా, ఆ పుణ్యమా అని మొదటి నెలలోనే ఎర్ర తువ్వాలుతో కలిపి అన్నీ నానబెట్టాను. ఇప్పుడు నా బనియన్లన్నీ గులాబీ రంగు. అన్నం మూడు రోజులు మాడింది, నాలుగో రోజు జావయింది. ఇప్పుడు తినేట్టుగా వస్తోంది.

"అరవై ఎనిమిదేళ్ళకు ఊరుగాని ఊళ్ళో ఎవర్ని ఉద్ధరిద్దామని" అని రాశావు. వరదకు కొంపలు పోయినవాళ్ళు వాళ్ళ ఇళ్ళు వాళ్ళే కట్టుకుంటున్నారు. గోడ తిన్నగా లేపడం చూపించేవాడు కావాలని, వాళ్ళకు సాయం చేసే సంస్థవాళ్ళు అన్నారు. జీతం లేదు, తిండికి సరుకులూ ఉండడానికి గదీ ఇస్తామన్నారు. వచ్చాను. ఇక్కడ నేను దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీస్తే పాతికమంది నోరు మూసుకుని చూస్తారు. మన ఇంట్లో ఆ మర్యాద ఏనాడు దక్కిందో చెప్పు.

గది ఎలా ఉందన్నావు. ఆరు గదుల వరుసలో చివరిది, రేకుల కప్పు. వచ్చిన రోజు అందులో ఒక ఇనప మంచం, కాలు విరిగిన కుర్చీ, ఒక బల్బు ఉన్నాయి. గోడకు వేలు పెడితే చెమ్మకు పూత పొడిపొడిగా రాలింది. అలాంటి గోడల మధ్య మేస్త్రీ కాపురం ఉంటే నవ్విపోతారు. పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని పాత పూత గీకేసి కొత్తగా పూశాను. వాన నీళ్ళు రాకుండా గడప రెండంగుళాలు ఎత్తు చేశాను. మూసుకోని కిటికీ రెక్కకు బందులు మార్చాను. మిగిలిన చెక్కలతో అలమర కొట్టాను. రెండు గిన్నెలు, ఒక గరిటె, ఒక కంచం తెచ్చుకున్నాను. పగిలిన ఇటుకలు ఏరుకొచ్చి వంటగట్టు కట్టి, పైన అద్దంలా నునుపు చేశాను.

నా మాట వాళ్ళకూ వాళ్ళ మాట నాకూ చెప్పే దుబాసీ ఒకడున్నాడు. మనవాడే, ఇక్కడే స్థిరపడ్డాడు. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు. మొన్న గదికి వచ్చి ఆ గట్టు చూసి నవ్వాడు.

"ఏంటి మేస్త్రీగారూ, అందరి గోడలకూ వంకలు పెట్టి మీ గట్టు ఇంత కిందకు కట్టుకున్నారు? మీరు చూస్తే నిచ్చెనంత ఉన్నారు. రోజూ వంగి వండుతున్నారా?"

"చెయ్యి అలవాటు," అన్నాను.

"ఎవరి ఎత్తుకు అలవాటు?"

అప్పటిదాకా నాకూ తట్టలేదు. టేపు పెట్టకుండా కట్టాను, అది నీ మోచేతికి బెత్తెడు కిందకు వచ్చింది. అద్దె ఇళ్ళల్లో గట్లు అందక నువ్వు పీట వేసుకుని నిలబడి వండేదానివి. ఆ కొలత ఎప్పుడో నా చేతిలో పడిపోయినట్టుంది. ఇది చదివి పొంగిపోకు. తప్పిన కొలత అది, నడుం నొప్పి నాది.

దుబాసీ నవ్వు మాత్రం ఆగిపోయింది. గట్టు మీద చెయ్యి పెట్టి, "ఆవిడ ఇంతేనా ఎత్తు? ఎక్కడున్నా చూస్తూనే ఉంటారులెండి, బాధపడకండి," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో నీకు చెప్పాలి. ఎనిమిది నెలలుగా దాచాను.

బయల్దేరే ముందు సంస్థవాళ్ళు మన భాషలోనే అచ్చేసిన కాగితం ఇచ్చారు. అమ్మాయి నింపుతానంది. "నా చెయ్యి పడిపోలేదు" అని లాక్కున్నాను. పేరు, వయసు, పని రాశాను. తర్వాత 'భార్య' అని ఒక గడి. అప్పటికి నువ్వు తెగేసి చెప్పి రెండు రోజులైంది. "పరాయివాళ్ళ కొంపలు కట్టడానికి నన్నెందుకు తోడు లాగుతారు, మీరే పోండి" అన్నావు. ఆ గడిలో 'వెంట రావడం లేదు' అని రాద్దామనుకున్నాను. నా అక్షరం ఒక్కొక్కటి ఇటుకంత, గడి చూస్తే బొటనవేలంత. చివరి మాట ఒక్కటే పట్టింది. 'లేదు' అని రాసిచ్చాను.

వచ్చిన మొదటి రోజు అందర్నీ కూర్చోబెట్టి దుబాసీ నా గురించి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. అందరూ లేచి, తల వంచుకుని, ఒక నిమిషం నిలబడ్డారు. ఆ మర్యాద నాకే అనుకుని ఛాతీ విరుచుకుని నవ్వుతూ చేతులు జోడించాను. నీ ఆత్మశాంతికి నిలబడ్డారని రెండు రోజుల తర్వాత తెలిసింది.

అప్పుడే చెప్పాల్సింది. రాయడం చేతకాక తప్పు రాశానని పాతికమంది ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. తర్వాత పనివాళ్ళకు వండే వంటావిడ, ఏం జబ్బని దుబాసీ చేత అడిగించింది. గుండె అన్నాను. ఎన్నాళ్ళైందంది. రెండేళ్ళన్నాను. మొదటి వరస వంకరగా పడ్డాక దాని మీదే వరస పేర్చుకుంటూ పోయాను. నీ చేతి వంట బాగుంటుందని నలభై నాలుగేళ్ళలో నీతో ఒక్కసారీ అనలేదు, వీళ్ళతో అన్నాను. పోయినదానితో పోట్లాట ఉండదు కదా, సుఖంగానే ఉండింది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. నీ మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఇంకో సంగతీ రాసేస్తాను. మనకు ఇల్లు కట్టలేక కాదు. రెండు గదులు లేపగలిగేవాణ్ణే. పరాయివాళ్ళు గోడ చూసి భేష్ అని పంపించేస్తారు. నువ్వు ఆ గోడల మధ్య బతుకుతూ రోజుకో వంకర చూపిస్తావు. ఆ భయానికి వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ జరిపాను. నువ్వు అన్నది తప్పు కాదు. నలుగురిలో అనడం తప్పు. ఆ మాట నువ్వు ఈ రోజుకీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. కొత్త కాగితం ఇచ్చారు, అందులోనూ అదే గడి. భార్య ఉన్నవాళ్ళకు ఆమె ప్రయాణం సంస్థవాళ్ళే చూసుకుంటారు. ఇక్కడి ఆడవాళ్ళకు కొలతలు రాయడం నేర్పేవాళ్ళు లేరు. నా కొలతలన్నీ రాసిపెట్టింది నువ్వే కాబట్టి నీకు చేతకాని పనేం కాదు. 'ఉంది' అని రాస్తే నేను అబద్ధాలకోరునని అందరి ముందూ తేలుతుంది. తేలనీ. పోయిన పెళ్ళాం దిగివచ్చిందని దుబాసీ నన్ను జన్మంతా ఏడిపిస్తాడు. పడతాను. రానంటే మాత్రం పాత మాటే మళ్ళీ రాస్తాను. ఈసారి గడి చిన్నదైనందుకు కాదు, తెలిసే రాస్తాను.

వచ్చే నెల ఇరవై ఐదున కాగితం ఇచ్చెయ్యాలి. ఉత్తరానికి పన్నెండు రోజులు పడుతుంది, పదో తారీఖు దాటకుండా పోస్టులో వెయ్యి. అమ్మాయి చేత ఫోన్ చేయించకు, సర్దిచెప్పే మాటలు నాకొద్దు. వస్తావో రావో నీ చేత్తో రాయి. ఇరవై ఐదు పొద్దున దాకా చూస్తాను.

ఇట్లు,
అమ్మాయి తండ్రి